మిద్దె మీది జిలేబీలు

ఫిబ్రవరి 4, ఆదివారం

ఇందుమూలముగా ప్రకాశం జిల్లా పడమటి దిక్కున, మార్కాపురం పట్టణమున, పలకల వ్యాపారి ఉమామహేశ్వర్లు అను నేను, నా మిద్దె మీది రాజ్యమునకు నేనే రాజునై, సమస్త కాకులకు, ఉడతలకు, పక్కింటి శేషగిరి బావకు తెలియజేయునది ఏమనగా: ఈ దినము ఉదయము కాఫీకి ముందు మొదటి టమాటా ఎర్రబడినది. దానిని ముట్టుటకు, నొక్కి చూచుటకు, "ఇంత చిన్నదేంది" అనుటకు ఎవ్వరికిని అధికారము లేదు. ఉల్లంఘించిన వారికి నా చేతి కాఫీ రెండు గ్లాసులు బలవంతముగా తాపబడును.

రాజముద్ర లేదు గనక గ్లాసు అడుగు మరక వేసినా.

ఇంక మామూలుగా రాస్తా. ఈ డైరీ ఎరువుల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చినారు. ఇంటర్ తప్పిన చేతికి ఇంత నున్నటి కాగితం ఇవ్వడం వాళ్ళదే తప్పు.

బావకు ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలే. మిద్దె మీదనే, కింద సిమెంటు తొట్టి. తొట్టిలో చేపలు. చేపలు తింటాయి, దొడ్డికి పోతాయి. ఆ నీళ్ళను కూలర్ మోటారుతో పైన సగానికి కోసిన డ్రమ్ముల్లోకి తోడతా. డ్రమ్ముల్లో మట్టి లేదు, మన పలకల గనుల కాడ పారేసిన రాతి ముక్కలు. వాటి సందుల్లో టమాటా వేర్లు. వేర్లకు కావలసింది వేర్లు తీసుకుంటాయి, తేరిన నీళ్ళు మళ్ళీ తొట్టిలోకే జారతాయి. చుక్క కూడా వృథా కాదు. కుళాయి నాలుగు రోజులకొకసారి వచ్చే ఊళ్ళో ఇంకేం కావాలి? ఆక్వాపోనిక్స్ అంటారంట. బావ మాత్రం "ఆక్వా పోనిలే" అంటాడు.

అమ్మకు "నీళ్ళ తోట" అని చెప్పినా. అబద్ధం కాదు. నీళ్ళున్నాయి, తోట ఉంది. చేపల సంగతి చెప్పలే, అంతే. మా అమ్మ రామతులసమ్మ గారి వంటింట్లోకి కోడిగుడ్డు పెంకు కూడా ఇంతవరకు రాలే. ఆమె మోకాళ్ళు బిగుసుకపోయి మిద్దె ఎక్కడం ఎప్పుడో మానేసింది. ఎక్కని చోట ఏముంటే ఏంది?

ఫిబ్రవరి 11

టమాటా పప్పు. అమ్మ రెండోసారి వేయించుకుంది.

"ఒరేయ్ మయేశా, అంగడి కాయకు ఈ పులుపు యాడుందిరా? పుట్టి బుద్ధెరిగి నువ్వు చేసిన మంచి పని ఇదొక్కటే."

"మిగతావి?"

"మిగతావి నీ పెళ్ళాన్ని అడుగు."

కామేశ్వరి గరిటె పట్టుకోని నా వైపు చూసింది. అమ్మ చెయ్యి కడుక్కోను పోయినాక మెల్లగా అనింది: "అత్తమ్మకు చెప్పండి. తెలిసిన రోజు నాకేం తెలీదంటా. ముందే చెప్తున్నా."

చెప్తా. చెప్పకేం. పప్పులో చేప లేదు గదా.

ఫిబ్రవరి 14

బావకు మన టమాటా ఒకటిచ్చి, ఇది జపాను విత్తనం, తిన్నాక గంటసేపు పడమటికి తిరిగి కూర్చోకపోతే కడుపు పట్టేస్తుందని చెప్పినా. కూర్చున్నాడు.

ఫిబ్రవరి 19

తొట్టిలో చోటుంది, ఇంకొన్ని పిల్లలు వేద్దామని మస్తానయ్యకు ఫోన్ చేసినా. కంభం చెరువులో వల వేసే మనిషి. హాల్లో నిలబడి గట్టిగానే మాట్లాడినా, ఆడ సిగ్నలు సరిగా ఉండదు.

"మస్తానన్నా, జిలేబీలు ఇంకొన్ని తేవాలి. పెద్దవి వద్దు. పోయినసారివి బాగున్నాయి, ఒక్కటి చెడలే."

ఆ చేప పేరే జిలేబీ. ఏ తిండిపోతు పెట్టినాడో. చెరువు గట్టున అందరూ అట్లనే అంటారు.

ఫోన్ పెట్టేసరికి అమ్మ మంచం మీద లేచి కూర్చోని ఉంది.

"ఎవర్రా?"

"కంభంలో ఒకాయన."

"ఏం తెస్తాడంట?"

"ఏం లేదులేమ్మా."

"ఏం లేదా," అనింది. చాలాసేపు నన్నే చూసింది. సుగర్ వచ్చిన కాడ్నించి అమ్మకు తీపి బందు. ఆ చూపు ఎందుకో నాకప్పుడు తట్టలే. తట్టి ఉంటే బాగుండు.

ఫిబ్రవరి 21

పొద్దున దుకాణం తెరుస్తుంటే బావ వచ్చి తిట్టినాడు.

"సిగ్గు లేదా బామ్మర్దీ? జిలేబీలు తెప్పించి మిద్దె మీద దాచుకోని, మొగుడూ పెళ్ళాం తింటున్నారంట. కన్నతల్లి మా ఇంట్లో కూర్చోని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఒక్క ముక్క పెడితే ఏం పోతుంది?"

నవ్వు ఆగలే. పలకల కట్ట మీద కూలబడి నవ్వినా. ఈ ముచ్చట కామేశ్వరికి చెప్పాలని షట్టరు సగం దించి ఇంటికి పోయినా.

అమ్మ మంచం ఖాళీ.

మెట్ల కాడ చెప్పులు విడిచి ఉన్నాయి. నవ్వు అప్పుడు పోయింది.

పైకి పోతే అమ్మ తొట్టి కాడ ఉంది. ఆ మోకాళ్ళతో ఎట్ల ఎక్కిందో. చేతిలో చిన్న స్టీలు ప్లేటు. జిలేబీ పెట్టుకుందామని ప్లేటు గూడా తెచ్చుకుంది. తొట్టి మీది చెక్క పక్కకు జరిపినట్టుంది. నీడ పడితే మేత వేస్తారని చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి ఉన్నాయి. అమ్మ వంగి వాటిని చూస్తోంది.

"ఇయ్యేందిరా?"

"జిలేబీలమ్మా."

నేను అనాలని అనలే. నా నోరే అంత. ఎప్పుడూ నాకంటే ముందు పోతుంది.

అమ్మ నవ్వలే. పైపు మీద వేలు పెట్టింది. తొట్టిలో నించి పైకి, డ్రమ్ము దాకా వేలితోనే పోయింది.

"ఈ నీళ్ళు ఆడికి పోతాయా?"

"పోతాయి."

"ఈ కాయలేనా పప్పులో?"

నేను డ్రమ్ము కాడ రాళ్ళు సర్దుతున్నట్టు చేసినా.

"చేపలు కడుక్కున్న నీళ్ళు నాకు పెట్టినావురా. నీసు నీళ్ళు. మెచ్చుకోని తిన్నా. రెండోసారి అడిగి వేయించుకున్నా."

ప్లేటు పిట్టగోడ మీద పెట్టింది. చెయ్యి ఇవ్వబోతే వద్దంది. ఒక్కో మెట్టూ కూర్చోని దిగింది.

ప్లేటు ఇంకా ఆడనే ఉంది.

ఫిబ్రవరి 22

అమ్మ తినలే.

ఫిబ్రవరి 23

తినలే. ఆ వంటింటి గిన్నెల్లో ఉడికింది ముట్టనంటుంది. నీళ్ళు బావ వాళ్ళింటి నించి చెంబుతో తెచ్చుకుంటుంది. బొరుగులు, అరటిపండు. అంతే. సుగర్ బిళ్ళ మాత్రం రోజూ మింగుతుంది.

బిళ్ళ మింగి అన్నం తినకపోతే సుగర్ పడిపోతుంది, మనిషి పడిపోతుంది అని డాక్టరు ఎప్పుడో చెప్పినాడు. అయినా అమ్మ గట్టిది. బాగానే ఉంది.

ఫిబ్రవరి 25

గిన్నెలన్నీ కొత్తవి కొన్నా. కామేశ్వరి కొత్త పొయ్యి గూడా వెలిగించింది.

"గిన్నెలు కొత్తవే. వండించేవాడు పాతోడే గదా," అనింది అమ్మ. నాతో కాదు, గోడతో.

బాగానే ఉంది. మాటలో పదును పోలే.

ఫిబ్రవరి 27

తొట్టి మీద నల్ల పట్టా కప్పి, చుట్టూ తాడు కట్టి, కిందికొచ్చి ప్రకటన చేసినా. "అమ్మా, చేపల్ని ఇచ్చేసినా. ఇంక లేవు. కడిగించినా. లే, అన్నం తిను."

అమ్మ కళ్ళు మూసుకోని విన్నది. చాలాసేపు విన్నది.

"మరి ఆ నీళ్ళ చప్పుడేందిరా?"

మోటారు. మోటారు ఆపితే చేపలు చస్తాయి. ఆపకపోతే దొరికిపోతా. దొరికిపోయినా.

"నువ్వు బిడ్డగా ఉన్నప్పుడు చెప్పే అబద్ధాలకు ఇంతకంటే ఎక్కువ కష్టపడేవాడివి," అనింది. ఇవి నాతో అన్న మాటలే. దానికే సంతోషపడినా.

కామేశ్వరి వంటింట్లో నించి: "తమాషాలు చాలు. ఆ చేపల్ని నిజంగా పంపించెయ్యండి. నాకు భయంగా ఉంది."

మార్చి 2

మస్తానయ్యను పిలిపించినా. పెద్ద క్యాను, వల తెచ్చుకున్నాడు. అమ్మ గుమ్మం కాడ కూర్చోని ఉంది.

"ఏం నాయనా, తీసకపోయి ఏం చేస్తావు?"

మస్తానయ్య మంచోడు. అబద్ధం రాదు. "ఏముందమ్మా, రేపు ఆదివారం గదా. బేస్తవారిపేటలో అమ్మేస్తా."

"అమ్మితే?"

"కొన్నోళ్ళు వండుకుంటారు."

అమ్మ నా వైపు తిరిగింది. "అంటే చంపడానికి ఇస్తున్నావు. బతికున్నవాటిని తెచ్చి, మేతేసి పెంచి, నా గుమ్మం లోంచి చంపడానికి పంపుతావా? ఆ పాపం ఎవరి నెత్తినరా?"

"పోనీ చెరువులో వదలమంటా అమ్మా. కంభం చెరువులోనే. యాడ నించి వచ్చినాయో ఆడికే."

మస్తానయ్య క్యాను కింద పెట్టి నవ్వినాడు. "వదులుతా శెట్టీ. మీ మాట కాదంటానా? ఎల్లుండి వలేస్తే మళ్ళీ నాకే పడతాయి. మీ ఇంటి మేత తిన్నవి గదా, బలిసి ఉన్నాయి, ముందు అవే పడతాయి."

నేనూ నవ్వబోయినా. అమ్మ మొహం చూసి ఆపినా.

"ఉంటే నేను తినలేను. పోతే నేను తట్టుకోలేను," అనింది. "ఏం మొలకేసినావురా నా ఇంట్లో."

మస్తానయ్య ఖాళీ క్యానుతో పోయినాడు. టీ తాగమంటే, "అమ్మ తిననింట్లో నేనేం తాగుతాలే శెట్టీ" అన్నాడు.

మార్చి 6

స్నానాల గది తలుపు తట్టినా పలకలే. తలుపు నెట్టినా. గోడకానుకోని కింద కూర్చోని ఉంది. ఒళ్ళంతా చెమట. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను గుర్తుపట్టలే. "ఎవరు నాయనా?" అనింది.

ఆస్పత్రి. గ్లూకోజు. చెయ్యి పట్టుకోని కూర్చున్నా. తెలివొచ్చి చూసి, చెయ్యి లాక్కుంది. అప్పుడు ప్రాణం కుదుటపడింది నాకు.

డాక్టరు కుర్రోడు. నన్ను బయటికి పిలిచినాడు. ఈసారి ఇంట్లో ఎవరో ఉన్నారు గనక సరిపోయింది, ఎవరూ లేనప్పుడు ఇట్లైతే నాకు చెప్పొద్దు అన్నాడు. బిళ్ళ తగ్గించినాడు. అన్నం మాత్రం తినాల్సిందే అన్నాడు.

కామేశ్వరి ఇంటికొచ్చినాక ఒక్కటే మాట. "అత్తమ్మకు ఏమన్నా అయితే ఆ తొట్టిలోనే మిమ్మల్ని ముంచుతా."

మూడు డ్రమ్ముల్లో కాయలు ఎర్రగా విరగకాసినాయి. కోయబుద్ధి కాలే. రాలినవి కాకులు పొడుస్తున్నాయి. ప్రకటన చదివే కాకులు ఈ ఊళ్ళో లేవు.

మార్చి 8

శివరాత్రి. ఊరంతా ఉపవాసమే. ఈ ఒక్కరోజు మా అమ్మ గూడా అందరిలాగే.

మార్చి 14

పొద్దుపోయింది, అయినా రాస్తా.

కామేశ్వరి వాళ్ళ చెల్లెలి కూతురికి సీమంతం అని గిద్దలూరు పోయింది. పోనంటే నేనే పంపినా. నాకేమో కురిచేడులో పలకల బేరం. అమ్మ బొరుగులు తినింది, బాగానే ఉంది, బావకు చూస్తుండమని చెప్పినా, మధ్యాహ్నానికి వచ్చేస్తా. ఇట్ల నాకు నేనే చెప్పుకోని బస్సెక్కినా.

తిరుగు బస్సులో దొనకొండ దాటినాక ఫోన్. అమ్మ. ఇన్నాళ్ళకు తనంతట తాను చేసింది.

"ఒరేయ్, నీ మోటారు ఆగిపోయింది."

"కరెంటు పోయుంటుందిలేమ్మా."

"పొద్దున్నే పోయింది. లైను మార్చుతున్నారంట, సాయంత్రం దాకా రాదంట. నాకు నీళ్ళ చప్పుడు వినపడలే. వినపడకపోతే నిద్ర పట్టలే."

"పట్టకపోతే పోనీ. నువ్వు పైకి మాత్రం ఎక్కొద్దు."

"ఎక్కే మాట్లాడుతున్నా."

బస్సులో లేచి నిలబడినా. ఎందుకో నాకే తెలీదు.

"అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయిరా. మేత వేసినా తినలే. గాలికి కొట్టుకుంటున్నాయి. చెంబుతో ముంచి ఎత్తి పోస్తున్నా. పాలు చల్లార్చినట్టు. పోస్తే ఆ నురగ కాడికే వస్తున్నాయి."

"అమ్మా, వాటిని వదిలెయ్. చస్తే చస్తాయి. నువ్వు దిగు."

"నోర్ముయ్," అనింది. "ఒక చేత్తో పొయ్యలేకున్నా." పెట్టేసింది.

మళ్ళీ చేస్తే ఎత్తలే. బావకు చేస్తే ఎత్తలే. ఎండ నిప్పుల్లాగుంది. ఆ ఎండలో, మిద్దె మీద, కడుపులో గుప్పెడు బొరుగులతో. డ్రైవరు కాడికి పోయి తొందరగా పోనియ్యన్నా అన్నా. "నీకేమన్నా కాన్పు ఉందా?" అన్నాడు. వేరే రోజైతే వాడికి జవాబు చెప్పేవాణ్ణి.

మెట్లు ఎట్ల ఎక్కినానో. పైన అమ్మ బోర్లించిన బకెట్టు మీద కూర్చోని ఉంది. చీర మొత్తం తడిసింది. పక్కన శేషగిరి బావ మూతికి తువ్వాలు కట్టుకోని, అమ్మ మీద గొడుగు పట్టుకోని నిలబడినాడు. చెంబు మునుగుతోంది, లేస్తోంది, పడుతోంది. నుదుటన చెమట. ఆ చెమట నాకు తెలుసు. స్నానాల గదిలో చూసిందే.

"చెంబు ఇయ్యమ్మా."

"నీకు ఎత్తు తెలీదు. కింద నించి పోస్తే గాలి పట్టదు."

లాక్కున్నా. పోసినా.

"ఇంకా ఎత్తు. ఇంకా. ఆ, అట్ల."

"బావా, చక్కెర నీళ్ళు!"

"మా ఇంటి నించి తేనా, మీ..."

"యాడివైతే ఏంది బావా! పరిగెత్తు!"

గొడుగు నా నెత్తిన పడేసి పోయినాడు. దగ్గరుండేది మా వంటిల్లే. మా గ్లాసులోనే తెచ్చినాడు, అమ్మ పేరు చెక్కిన గ్లాసు. నేను పోస్తానే చూసినా. అమ్మ గ్లాసు పట్టుకోని, దాని మీది అక్షరాల మీద బొటనవేలు పెట్టుకోని కూర్చుంది. నీళ్ళు ఒలుకుతున్నాయి. ఆ కాసేపు నాకు ఒక్క తమాషా మాట తోచలే. నా నోరు మొదటిసారి నా వెనకాల నిలబడింది.

"ఆపినావేందిరా," అనింది. "నువ్వు పొయ్యి. నేను తాగుతా."

తాగింది. అడుగున కరగని చక్కెర గూడా వేలితో తీసి తినింది.

నేనూ బావా వంతులేసుకోని పోసినాం. బావ తువ్వాలు ఎప్పుడో జారిపోయింది, చూసుకోలే. కరెంటు వచ్చి మోటారు గుర్రుమన్నాక గానీ అమ్మ కిందికి రాలే. కొన్ని పోయినాయి. వాటిని వేపచెట్టు కింద పూడ్చమంది. పూడ్చినా.

కామేశ్వరి వచ్చి పెరుగన్నం కలిపింది. పాత గిన్నెలోనే. అమ్మ తినింది. మేమిద్దరం ఆమె ఎదురుగా కూర్చోని, ఏదో టీవీ చూస్తున్నట్టు గోడ వైపు చూసినాం.

మార్చి 15

ఈరోజు అమ్మ టమాటా తినింది.

నేనే పెద్దది కోసి, కడిగి ఇచ్చినా. ఉప్పు అద్దుకోని తినింది. సగం తిన్నాక, "తప్పులేదురా మయేశా, నీళ్ళు నీళ్ళే" అనింది. కామేశ్వరి కూడా ఉంది. బావకు చెప్పినా. పామూరులో అక్కకు ఫోన్ చేసి చెప్పినా. మస్తానయ్యకు చెప్తే, "అట్లైతే ఇప్పుడొచ్చి టీ తాగుతా శెట్టీ" అన్నాడు.

ఇంక అంతా బాగుంది.

ఏప్రిల్ 1

ఊరంతా అబద్ధాలాడే రోజు గనక నాకు సెలవు. నిజం రాస్తా.

పదిహేనో తారీకున రాసింది కల్పించింది. అమ్మ టమాటా తినలే. "నీళ్ళు నీళ్ళే" అని అనలే. ఆ మాట నేనే కట్టినా. నలుగురికీ చెప్పినా గదా, డైరీలో లేకపోతే బాగుండదని రాసినా. రాసి చదువుకుంటే కడుపు నిండినట్టు అనిపించింది. అన్నం, పప్పు, అన్నీ తింటోంది, అది మాత్రం నిజం. టమాటా ఒక్కటే లేదు.

కాయ కోసి ఇచ్చింది నిజమే. అమ్మ దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసింది. వాసన చూసింది. కత్తి అడిగింది. పరిగెత్తి తెచ్చినా. రెండుగా కోసి, గింజలు వేలితో చిదిమి, బూడిద కలిపి గుడ్డ మీద ఆరబెట్టింది. కండ కాకులకు వేసింది.

"ఏందమ్మా ఇది?"

"మట్టిలో పెడతా. ఇవి మట్టి తిని పెరగనీ. మట్టి తీసుకుందంటే మైల పోయినట్టే. దీని బిడ్డ కాస్తే అప్పుడు చూద్దాం."

పగిలిన బకెట్టులో ఎర్రమట్టి నేనే తెచ్చి పోసినా. మొలకలొచ్చినాయి. బకెట్టు మిద్దె మీదే పెట్టించింది, తొట్టి పక్కనే. ఎండ బాగుంటుందంట. రోజూ కూర్చోని మెట్టు మెట్టూ ఎక్కుతుంది. పిట్టగోడ మీది ప్లేటులో ఇప్పుడు చేపల మేత పెట్టుకుంది.

ఈ పొద్దున కొంచెం ముందే పైకి పోయినా. అమ్మ నన్ను చూడలే. తొట్టి మీద వంగి, చేపల్ని పక్కకు అదిలించి, చెంబు ముంచి, మొలకలకు పోసింది. లేచి తిరిగేసరికి నేను.

"ఏందిరా అట్ల చూస్తాండావ్? కుళాయి నీళ్ళే."

"అవునమ్మా. కుళాయి నీళ్ళే."

కుళాయి వచ్చి మూడు రోజులైంది.